గడువు తీరకముందే

యంత్రములతో కాపురము చేయువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. యంత్రము నోరు విప్పి అడగదు గాని, దానికి కావలసిన తేదీలు దానికి ఉంటాయి. ఏ బేరింగుకు ఎన్ని గంటలకొకమారు గ్రీజు పెట్టవలెనో, ఏ పంపును ఎన్ని నెలలకొకసారి విప్పి చూడవలెనో మన కర్మాగారములలో గోడమీది పట్టికలే చెబుతాయి. పట్టిక ప్రకారము మనము షట్‌డౌన్ తీసుకొనకపోతే, యంత్రము తనకు తోచిన రోజున తానే తీసుకుంటుందని పాత ఫోర్‌మన్లు అనేవారు. అంతటి నిష్ఠ గలవారిలో కూడా చాలమంది, షిఫ్టు ముగిసి ఇంటికి వచ్చిన తరువాత, గుమ్మము ముందు నిలిపిన సొంత కారుకు ఒక పట్టిక ఉన్నదని తలచుకొనరు. ఆ పట్టికను గురించి, దానికి ముడిపడి ఉన్న వారంటీని గురించి, మా యింట జరిగిన ఒక వ్యవహారమును గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని ఈ ప్రయత్నము.

మేము నివసిస్తున్న జంషెడ్‌పూర్ తేదీల మీదనే నడిచే ఊరు. 1907లో ఏర్పడి 1912లో తొలి ఉక్కును పోసిన టాటా వారి కర్మాగారము చుట్టూ పెరిగిన ఈ పట్టణమునకు 1919లో ఇప్పటి పేరు వచ్చినది. ఊరికి ఆ కొసన టెల్కో ఉన్నది. 1945లో రైలు ఇంజనుల తయారీ కొరకు అది పుట్టినది. 1954 నుండి జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో లారీలు తయారు చేసినది. 1969లో ఆ ఒప్పందము ముగిసినది, 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారినది. అయినను ఊరిలోని పెద్దలు నేటికీ టెల్కో అనే అంటారు, ఆ కాలనీ పేరు కూడా అదే. ఇందులో ఒక తమాషా కలదు. ఇక్కడ తయారయ్యేవి లారీలు. కార్లు మాత్రము పుణె నుండియో, సాణంద్ నుండియో, మరెక్కడి నుండియో రావలసినదే. లారీలకు పుట్టినిల్లయిన ఈ ఊరికి కారు అత్తవారింటికి వచ్చిన కోడలు వంటిది.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి తాతల కాలమున పనికి వచ్చి, ఇక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబములు కదమా, సోనారి, బిష్టుపూర్, బర్మామైన్స్ వంటి పేటలలో అనేకము. బిష్టుపూర్ రామమందిరమునకు వెళ్లినప్పుడు బయట చెప్పులు విడిచే చోట వినిపించే మాటలలో పిల్లల చదువులు, ఊరిలోని పొలములు అయిన తరువాత మూడవది బండ్ల సంగతే. లోహమును, యంత్రమును ఎరిగిన జనము గనుక ఆ మాటలలో వివరము ఎక్కువ. ఏ బండి ఎంత మైలేజి ఇచ్చుచున్నది, ఏ వర్క్‌షాపులో విడి భాగమునకు ఎంత వేసినారు అనునవి రూపాయి పైసలతో సహా తెలుస్తాయి.

స్కూటర్ల కాలమున ఈ వ్యవహారమంతయు ఒక చిన్న పుస్తకములో ఇమిడి ఉండేది. బండి తాళములతో పాటు షోరూము వారు చేతికిచ్చే ఆ పుస్తకములో ఉచిత సర్వీసు కూపన్లు ఉండేవి. మొదటి కూపను ఇన్ని కిలోమీటర్లకు, రెండవది ఇన్ని కిలోమీటర్లకు అని అచ్చువేసి, చింపుటకు వీలుగా చిల్లుల గీత పెట్టేవారు. ఆ పుస్తకము బీరువాలో పెళ్లి పట్టుచీరల క్రింద, పాలసీ బాండ్ల సరసన ఉండేది. గుర్తు చేయువారు ఎవరూ లేరు. గుర్తు పెట్టుకొనవలసినది ఇంటి యజమాని, లేదా ఇంటి యజమానురాలు.

ఇప్పుడు ఆ కూపను ఫోనులోనికి వెళ్లినది. "మీ వాహనము సర్వీసునకు సమయమైనది" అని ముందు సందేశము వస్తుంది. రెండు రోజులకు మరొకటి. ఆ మీదట ఒక అమ్మాయి ఫోను చేసి, ఎంతో మర్యాదగా, ఏ రోజున వస్తారు, ఎన్ని గంటలకు వస్తారు అని అడుగుతుంది. ఇన్సూరెన్సు వారిది వేరు, పొడిగింపు వారంటీ అమ్మేవారిది వేరు, కారు లోపల మెరుగు పెట్టి సువాసన చల్లే ప్యాకేజీ వారిది వేరు. అన్నీ ఒకే గొంతుకతో వస్తాయి. ఇందువలన జరుగుతున్న నష్టమేమనగా, అవసరమైన సందేశము అనవసరమైన వాటి నడుమ పడిపోవుచున్నది. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాని కేక ఎవరికి వినిపిస్తుంది?

అందుచేత మా యింట ఒక పద్ధతి ఏర్పరచుకొన్నాము. మేమిద్దరము. ఒకరము బండి నడుపుతాము, ఒకరము లెక్క వ్రాస్తాము. నడిపేది ఎవరు, వ్రాసేది ఎవరు అని పాఠకులు ఊహించుకొందురు గాక, ఊహ తప్పుటకే అవకాశము ఎక్కువ. లెక్క పుస్తకములో ప్రతి సర్వీసుకు ఒక పుట. తేదీ, కిలోమీటర్లు, మార్చిన వస్తువులు, ఇచ్చిన సొమ్ము, ఆ నాటి జాబ్ కార్డు నకలు. ఫోనులో వచ్చే సందేశములలో సర్వీసు తేదీకి, వారంటీకి సంబంధించినవి మాత్రము అట్టిపెట్టి, తక్కినవి తీసివేస్తాము. కర్మాగారములో లాగ్ బుక్కు వ్రాసి వ్రాసి వచ్చిన అలవాటు ఇది.

ఇక్కడ సర్వీసు పట్టికలోని ఒక చిన్న మాటను గురించి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. పదివేల కిలోమీటర్లు లేక పన్నెండు నెలలు, ఏది ముందైతే అది అని చాల కార్ల పుస్తకములలో ఉంటుంది. అంకెలు బండినిబట్టి మారవచ్చును గాని, "ఏది ముందైతే అది" అను మాట అన్నిటా ఉన్నది. మన ఉద్యోగులలో చాలమంది కిలోమీటర్లనే చూస్తారు. జంషెడ్‌పూర్ వంటి ఊరిలో కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతాయి? కదమా నుండి బిష్టుపూర్ బజారుకు నాలుగైదు కిలోమీటర్లు. సాక్చికి మరి కాస్త. టెల్కో కాలనీలో చుట్టములుంటే రానుపోను ఒక పాతిక. ఆదివారము డిమ్నా చెరువు దాకా వెళ్లినా గంటన్నరలో తిరిగి వస్తాము. ఏడాదికి నాలుగు వేలో, అయిదు వేలో తిరిగితే గొప్ప. మీటరు సగమైనా కాలేదు, అప్పుడే సర్వీసు ఏమిటి అని పదిమంది అడుగుతారు. వారిలో ఇంజనీర్లు కూడా ఉన్నారు.

నిజమునకు తక్కువ తిరిగే బండికే నూనె త్వరగా చెడుతుంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టను రింగుల ప్రక్కగా జారి క్రింది నూనెలోనికి చేరుతుంది. బండి ఇరువది, ముప్పది కిలోమీటర్లు ఆగకుండ నడిస్తే నూనె బాగా కాగి, ఆ తేమ తిరిగి ఆవిరియై పోతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి కూరగాయలు కొని, మరల నాలుగు కిలోమీటర్లు వచ్చే బండిలో ఇంజను సరిగా కాగకముందే ఆగిపోతుంది. తేమ లోపలనే నిలుస్తుంది. మండని పెట్రోలు కొంత దానికి తోడవుతుంది. నూనె పలుచబడి, పులిసి, చివరకు జిగట బురదగా మారుతుంది. బ్యాటరీ సంగతీ అంతే. స్టార్టరు తిప్పుటకు ఖర్చయిన విద్యుత్తు తిరిగి నిండేలోపల ప్రయాణము ముగుస్తుంది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణము ఉన్నది. బండి నిలిచి ఉన్నా, నడిచినా అది పీల్చుకొనుచునే ఉంటుంది. తేమ చేరినకొలది అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఘాటు రోడ్డు దిగునప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడలు మెత్తబడుతుంది. అందుకనే దానిని సుమారు రెండేండ్లకొకమారు మార్చమంటారు. ఇవేవియు కిలోమీటరు రాయికి లోబడినవి కావు. ఉక్కు ఊరిలో మేలి దుమ్ముకు కొదువ లేదు గనుక గాలి వడపోత గుడ్డ కూడ పుస్తకము చెప్పిన దానికన్న ముందే నల్లబడుతుంది. మా యింటి ఎదుట ఉతికి ఆరవేసిన తెల్లచొక్కాయే ఇందుకు సాక్ష్యము.

ఇక వారంటీ. ఉచిత సర్వీసు వేరు, వారంటీ వేరు. ఈ రెంటిని కలిపివేయుట తరచుగా జరుగుతున్నది. ఉచిత సర్వీసులో కూలి ఉచితము. నూనెకు, వడపోతలకు సొమ్ము ఇవ్వవలసినదే. వారంటీ అనునది తయారీలో గాని, వాడిన పదార్థములో గాని లోపమున్నచో ఆ భాగమును బాగుచేసి గాని, మార్చి గాని ఇచ్చెదమను వాగ్దానము. వాడుకలో అరిగిపోవు బ్రేకు ప్యాడ్లు, క్లచ్చి పలక, వైపరు రబ్బర్లు వంటివి సాధారణముగా దానిలో చేరవు. టైర్లకు, బ్యాటరీకి వాటి వాటి తయారీదారుల వాగ్దానములు వేరుగా ఉంటాయి. గడువు లెక్క బండి చేతికి వచ్చిన నాటి నుండి మొదలవుతుంది. ఈ వివరములన్నియు పుస్తకములో చిన్న అక్షరములలో ఉన్నవి. కళ్లజోడు పెట్టుకొని ఒక ఆదివారము మధ్యాహ్నము చదివితే సరిపోతుంది. మన సంస్థ సర్వీసు నిబంధనల పుస్తకము చదివి అర్థము చేసుకొన్నవారికి ఇది ఒక లెక్క కాదు.

మా కారు 2018 ఏప్రిల్‌లో కొన్నది. అప్పటి వారంటీ రెండు సంవత్సరములు. అనగా 2020 ఏప్రిల్ నెలలో తీరిపోవలెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో చక్రముల అలైన్‌మెంటు కొరకు వర్క్‌షాపునకు వెళ్లినాము. స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పినప్పుడు లోపల ఎక్కడనో "టక్" మని ఒక చప్పుడు వస్తున్నదని చెప్పినాము. అక్కడి ఉద్యోగి రెండు మార్లు తిప్పి చూసి, ఇది ఏమంత కాదన్నాడు. ఏమంత కాకపోయినా కార్డు మీద వ్రాయమన్నాము. "స్టీరింగులో చప్పుడు, పరిశీలించవలెను" అని హిందీలో వ్రాసినాడు. ఆ కాగితము మా లెక్క పుస్తకములో దాని పుటలోనికి వెళ్లినది.

మార్చి మొదటి వారములో పెండ్లికని రైలులో శ్రీకాకుళము జిల్లాకు వెళ్లినాము. ఇంటి పెద్దావిడ, మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు, మాతోనే ఉన్నారు. అంతకు ఏడాది ముందు ఆమెకు పక్షవాతము వచ్చి, కుడి చేయి, కుడి కాలు మెల్లగా స్వాధీనములోనికి వస్తున్నవి. పది రోజులలో తిరిగి వద్దామనుకొన్నాము. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతట లాక్‌డౌన్. రైళ్లు నిలిచినవి. పెండ్లికి వచ్చిన చుట్టములము పెండ్లివారి ఇంటనే నెలల తరబడి ఉండిపోయిన వింతను ఆ సంవత్సరము చాలమంది చూసినారు. వారి ఓపికకు నమస్కారము.

ఆ రోజులలోనే, జీడితోటలో చెట్టు క్రింద కూర్చున్న వేళ, ఫోనులో ఒక సందేశము వచ్చినది. లాక్‌డౌన్ కాలములో గడువు తీరు వారంటీలను, ఉచిత సర్వీసులను పొడిగించుచున్నామని అందు ఉన్నది. నిజమే, ఆ వసంతకాలమున దేశములోని పలువురు కార్ల తయారీదారులు ఈ నిర్ణయము తీసుకొన్నారు. మారుతి సుజుకి వారు జూన్ 30 వరకు పొడిగించినారు. మరికొందరు ఇంకను పైకి వెళ్లినారు. 2021లో రెండవ ఉధృతి వచ్చినప్పుడు కూడా కొన్ని సంస్థలు ఇదే విధముగా చేసినవి. కస్టమరు రాలేకపోవుట, వర్క్‌షాపు తెరవలేకపోవుట రెండును ఎవరి తప్పూ కావు గనుక ఈ పొడిగింపు న్యాయమైనది. ఆ సందేశము మేము అట్టిపెట్టినాము.

అనుమతి పత్రములు సంపాదించి, అద్దె బండిలో, జూన్ ఆఖరు వారములో ఇల్లు చేరినాము. ఇంటిలోనే పదునాలుగు రోజులు గడిపిన తరువాత కారు మీది ఆకులు, దుమ్ము తుడిచి తాళము తిప్పితే చడీ చప్పుడు లేదు. బ్యాటరీ దిగిపోయినది. ప్రక్కింటి వారి బండి నుండి తీగలు కలిపి లేపినాము. ఇంజను లేచినది గాని, స్టీరింగు గుర్తు గల పసుపు దీపము వెలిగి ఆరలేదు. చక్రము రాయి వలె బిగిసినది. విద్యుత్ మోటారు సాయము లేనిదే ఆ స్టీరింగును త్రిప్పుటకు రెండు చేతుల బలము చాలదు. పెద్దావిడను వారమునకు రెండుమార్లు వ్యాయామ చికిత్సకు తీసుకొనిపోవలసి ఉన్నది. నాలుగు నెలలుగా అది ఆగి, తెరచుకొనుచున్న వేళ్లు మరల ముడుచుకొన నారంభించినవి. పదిమంది ఎక్కి దిగు ఆటోలో డెబ్బది ఎనిమిదేండ్ల మనిషిని ఎక్కించు కాలము కాదు అది. అందుచేత కారు మాకు ఆ నెలలో విలాసము కాదు.

వర్క్‌షాపులో సలహాదారు కంప్యూటరు చూసి మూడు సంగతులు చెప్పినాడు. ఒకటి, వారంటీ ఏప్రిల్‌లోనే తీరిపోయినది. రెండు, బండి నిలిపి ఉంచుట వలన బ్యాటరీ దిగినది, దాని వలన దీపము వెలిగినది, ఇది తయారీ లోపము కాదు. మూడు, ఏప్రిల్ సర్వీసు చేయించలేదు గనుక ఏమయినా వారంటీ నిలువదు. స్టీరింగు భాగమంతయు మార్చవలెను, నలుబది ఎనిమిది వేల రూపాయలు అని అంచనా కాగితము ఇచ్చినాడు. కారు కొరకు తీసుకొన్న అడ్వాన్సు కోత జీతములో అప్పటికింకను సాగుచునే ఉన్నది.

సందేశము చూపినాము. మా సిస్టములో అటువంటిదేదియు లేదు అన్నాడు. అతని మీద మాకు కోపము లేదు. నాలుగు నెలల తరువాత తెరచిన దుకాణములో, మూతికి గుడ్డ కట్టుకొని, సగము మంది సిబ్బందితో పనిచేయుచున్న మనిషి. కాని కోపము లేకపోవుటకు, సొమ్ము చెల్లించుటకు సంబంధము లేదు గదా.

అక్కడ పనిచేయు ఒక కుర్రవాడు మా మాటలు విని దగ్గరకు వచ్చినాడు. తాతగారు టెక్కలి వైపు నుండి వచ్చి ఇక్కడ కొలిమిలో పనిచేసినారట. అతని తెలుగులో హిందీ పాలు కొంత ఎక్కువ, అయినా పిలుపు మాత్రము మన వైపుదే. "పిన్నిగారూ, కంప్యూటరులో తేదీ నేను మార్చలేను. కాని ఫిబ్రవరిలో మీరు వచ్చినప్పుడు ఈ చప్పుడు సంగతి చెప్పినట్టు గుర్తు. ఆ కార్డు ఉంటే తీసుకురండి. ముందుగా బ్యాటరీ నిండా చార్జి చేసి చూద్దాము. అప్పుడు కూడా దీపము ఆరకపోతే బ్యాటరీ మాట ఇంకెవరూ ఎత్తరు" అన్నాడు.

మరునాడు కార్డు తీసుకొని వెళ్లినాము. రాత్రియంతా చార్జి చేసి పరీక్షించగా బ్యాటరీ బాగున్నదని తేలినది. దీపము ఆరలేదు. "టక్" మను చప్పుడు కూడా యథాప్రకారము ఉన్నది. బ్యాటరీ దిగకమునుపే, ఏప్రిల్ రాకమునుపే, ఆ చప్పుడును గురించి వారి చేతి వ్రాతలోనే ఉన్నది గనుక రెండవ వాదము పోయినది. వారంటీ పొడిగింపు ప్రకటనలోనే సర్వీసు గడువు పొడిగింపు కూడ ఉన్నది గనుక మూడవది పోయినది. మిగిలినది కంప్యూటరు తేదీ. పొడిగించిన గడువు కూడా కొద్ది రోజులలో తీరిపోనున్నది. మేము ఒక ఉత్తరము వ్రాసినాము. ఫిబ్రవరి కార్డు నకలు, సందేశము అచ్చు, బ్యాటరీ పరీక్ష ఫలితము జతపరచి, ఒక ప్రతి వర్క్‌షాపు మేనేజరుకు ఇచ్చి అందినట్లు సంతకము పుచ్చుకొని, ఇంకొక ప్రతిని తయారీదారుల కస్టమరు విభాగమునకు ఈమెయిలులో పంపినాము. మన ఆఫీసులలో నోటు పెట్టుట నేర్చినవారికి ఉత్తరము వ్రాయుట కష్టము కాదు. కష్టమంతా కోపపు మాటలను కొట్టివేయుటలో ఉన్నది. మొదటి చిత్తు రెండున్నర పుటలు వచ్చినది, పంపినది పన్నెండు వాక్యములు.

అయిదవ రోజున అనుమతి వచ్చినది. భాగము వచ్చుటకు మరి వారము పట్టినది. సొమ్ము ఏమియు తీసుకొనలేదు. పెద్దావిడ ఆగస్టు మొదటి వారమున తిరిగి చికిత్సకు వెళ్లినారు. ఆ శీతకాలము నాటికి కుడిచేత్తో గ్లాసు పట్టుకొనగలిగినారు.

ఈ సంగతి విని మిత్రులు అడిగిన ప్రశ్నలలో ముఖ్యమైనది వేరొకటి. వారంటీ కాలములో బయటి మిస్త్రీ దగ్గర ఏ చిన్న పని చేయించినా వారంటీ పోవునా? మాన్గో వంతెన అవతల, గోల్ముడి బజారు వెనుక నమ్మకమైన మిస్త్రీలు ఎందరో ఉన్నారు. వారిలో కొందరి చెవికి స్టెతస్కోపు అక్కరలేదు. ఈ విషయములో 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను ఇచ్చిన ఆజ్ఞ ఒకటి చెప్పుకొనదగినది. విడిభాగములు, మరమ్మతు సమాచారము స్వతంత్ర గ్యారేజీలకు అందనీయుట లేదని 14 కార్ల సంస్థల మీద సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించుచు, బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగునని గంపగుత్తగా షరతు పెట్టరాదని కమిషను చెప్పినది. బయటి వారి తప్పు పని వలన ఏ మేరకు నష్టము జరిగినదో ఆ మేరకే రద్దు చేయవచ్చునని దాని భావము. ఆ ఆజ్ఞ మీద అప్పీళ్లు, వ్యాజ్యములు నడిచినవి. జరిమానా కథ ఎటు పోయినను, ఆ వాక్యములోని తర్కము ఎవరికైనా సమ్మతమైనదే. పంక్చరు వేయించినందుకు గేరుబాక్సు వారంటీ పోవుట ఏ న్యాయము? అయినను వారంటీ కాలములో పెద్ద పనులు అధీకృత వర్క్‌షాపులోనే చేయించుట మా పద్ధతి. వాదములో గెలుచుట కంటే వాదము లేకుండ ఉండుట చౌక. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టలు కూడా తెరచినది.

మాటలతో పని జరగనప్పుడు చట్టము ఉండనే ఉన్నది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019 చట్టము వచ్చి, 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. బదిలీల మీద తిరిగే మన ఉద్యోగులకు ఇందులో ఒక మేలు ఉన్నది. కొన్న చోటనే ఫిర్యాదు చేయవలెనను నిర్బంధము లేదు, నివసించు చోటనే చేయవచ్చును. విశాఖలో కొన్న బండికి జంషెడ్‌పూర్‌లో కేసు వేయవచ్చును. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము వారు సంస్థతో మాట్లాడతారు. మాకు అంతదూరము పోవలసిన అవసరము రాలేదు.

తరువాతి సంవత్సరములలో వారంటీల రూపము బాగుగా మారినది. మారుతి సుజుకి వారు రెండేండ్లు, 40,000 కిలోమీటర్లుగా ఉన్న తమ సాధారణ వారంటీని, 2024 జూలై 9 నుండి ఇచ్చు బండ్లకు, మూడేండ్లు, 1,00,000 కిలోమీటర్లు చేసినారు. అంతకు ముందు రోజున బండి తీసుకొన్నవారి ఇంట ఆ సాయంత్రము ఏ మాటలు జరిగినవో ఊహించుకొనవచ్చును. విద్యుత్ కార్లలో బ్యాటరీకి ఎనిమిదేండ్లు, 1,60,000 కిలోమీటర్లు అను లెక్క పలు సంస్థలలో వాడుకైనది. 2025లో టాటా మోటార్స్ వారు హారియర్ విద్యుత్ కారు బ్యాటరీకి జీవితకాలపు వారంటీ ప్రకటించినారు. జీవితకాలము అనగా ఎవరి జీవితము అని మా పెద్దావిడ అడిగినారు. చదివి చూడగా, మొదటి యజమానికి, రిజిస్ట్రేషను నాటి నుండి పదునైదు సంవత్సరములు అని ఉన్నది. "అయితే నాకు చాలును" అన్నారామె.

గడువు పెరిగినకొలది షరతులు కూడా పెరుగుతాయి. మూడేండ్ల వారంటీలో మూడేండ్ల సర్వీసు చరిత్ర అడుగుతారు, ఎనిమిదేండ్ల దానిలో ఎనిమిదేండ్లది. ఒక్క సర్వీసు పుట లేకపోయినా మాట అక్కడ చిక్కుకొనవచ్చును. పొడిగింపు వారంటీని సొమ్ము పెట్టి కొనువారు కూడా, సాధారణ వారంటీ తీరకముందే కొనవలెనని, అందులో ఏ భాగములు చేరినవో, ఏవి చేరలేదో కొనుటకు ముందే వ్రాతపూర్వకముగా అడుగవలెనని గమనించగలరు. కొనవలెనా, వద్దా అని అడిగితే మా సమాధానము బండిని బట్టి ఉంటుంది. ఎలక్ట్రానిక్ సామగ్రి ఎక్కువగా ఉన్న బండికి కొనుట మంచిది. మీటరు, హారను తప్ప తీగలు లేని పాత బండికి అనవసరము.

అటువంటి పాత బండి ఒకటి మా వీధిలోనే ఉన్నది. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, ఏ వారంటీయు లేని తన పాత కారును ప్రతి దసరాకు ముందు తానే నూనె మార్చి, ప్లగ్గులు తీసి తుడిచి, విశ్వకర్మ పూజనాడు బొట్టు పెట్టి నిలుపుతారు. ఆయనకు ఏ సందేశమూ రాదు. మా కారు పుస్తకము ఒకసారి అడిగి తీసుకొని, నూనె పరిమాణము ఉన్న పుట మాత్రము చూసి తిరిగి ఇచ్చివేసినారు. వారంటీ పుటలు నలగలేదు.

మా కారుకు వారంటీ తీరి చాల కాలమైనది. స్టీరింగు బాగున్నది. బ్రేకు ఆయిలు మార్చవలసిన తేదీ వచ్చే నెల తొమ్మిదవ తారీఖు, శనివారము గనుక శుక్రవారమే అప్పగిస్తాము.